సన్నాయి వాయించే నోటికి గార తీయించుకున్నాను

ఇది రాసేనాటికి నా కింది పళ్ళ వరసలో ఒక పన్ను లేదు. మిగతావి ఉన్నాయి, గట్టిగానే ఉన్నాయి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే గుడిలో కనబడిన ప్రతివాళ్ళూ "ఏటి, పల్లన్నీ పీకీసారటగదా" అని పరామర్శకి దిగుతున్నారు. పీకలేదు బాబూ, శుభ్రం చేశారు. ఆ రెంటికీ తేడా తెలియక నేను నెలల తరబడి భయపడ్డాను, ఇంట్లోవాళ్ళని ఏడిపించాను. ఇంకెవరైనా అదే భయంతో నోరు మూసుకుని కూర్చుని ఉంటే వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. రాస్తే నా గుండె కూడా కాస్త కుదుటపడుతుందని ఆశ.

నేను సన్నాయి వాయిస్తాను. పగలంతా సేక్కాన్ రేవు దగ్గర ఒక గోదాములో ఉద్యోగం. పెళ్ళిళ్ళకీ పండగలకీ గుడిలో మేళం. మా తాతలు ఓడల్లో బస్తాలు మోయడానికి విశాఖపట్నం వైపు నుంచి ఈ బర్మాకి వచ్చినప్పుడు, వాళ్ళలో ఒకాయన చంకలో సన్నాయి పెట్టుకుని దిగాడట. అది నాన్నకి వచ్చింది, నాన్న దగ్గర్నుంచి నాకు. నాన్న తమ్ముడు అప్పన్న చిన్నాన్న డోలు వాయిస్తాడు. ఆయన నదికి అవతల దలాలో ఉంటాడు. మేళం ఉందంటే డోలు భుజానికి తగిలించుకుని ఫెర్రీ ఎక్కి వచ్చేస్తాడు. మాకు తెలిసిన తెలుగు ఇళ్ళలో పెళ్ళి జరిగితే మేమిద్దరమే. మాకు జ్వరం వస్తే వాళ్ళు స్పీకర్లో పాట పెట్టుకోవాల్సిందే. నా పళ్ళు కదిలాయంటే అది నా ఒక్కడి బాధ కాదన్నమాట.

సన్నాయి కొసన రెల్లుతో చేసిన చిన్న పీక ఉంటుంది. దాన్ని పెదవుల మధ్య బిగించి ఊదాలి. పెదవికి వెనక పళ్ళు దన్నుగా ఉండాలి. అవి లేకపోతే పెదవి లోపలికి పోతుంది, గాలి పక్కలకి పోతుంది, స్వరం ఎక్కడికో పోతుంది. మేళగాళ్ళం గొంతు ఆరిపోకుండా వాయింపుకీ వాయింపుకీ మధ్య కిళ్ళీ వేస్తాం. ఈ ఊళ్ళో వీధి మలుపు తిరిగితే చాలు కున్యా బడ్డీ, అంటే మన కిళ్ళీ కొట్టే. ఆ సున్నం, ఆ వక్క పళ్ళ వెనక చేరి చేరి నల్లటి గార కడుతుంది. మా ఇంట్లో దాన్ని ఎవరూ మురికి అనుకోలేదు. "గారే పల్లకి దన్ను. అదుంటే ఎంత ఊదినా పన్ను కదల్దు," అని చిన్నాన్న చెప్పేవాడు, మేం నమ్మేవాళ్ళం. నమ్మడానికి కారణం కూడా ఉంది. నాన్న పెద్దవయసులో వీధి పక్కన కూర్చుని పళ్ళు బాగుచేసేవాడి దగ్గర గార గోకించుకున్నాడు. ఆ ఏడే ముందుపళ్ళు వరసగా ఊడిపోయాయి. నాన్న సన్నాయి నా చేతికి ఇచ్చేసి, మళ్ళీ ముట్టుకోలేదు. ఇంతకంటే రుజువేం కావాలి?

శ్రీరామనవమి

నవమి నాడు సీతారాముల కల్యాణం అయ్యేదాకా నేను ఏమీ ముట్టను, కిళ్ళీ కూడా. తాళి కట్టే వేళ గట్టిమేళం వాయించి సన్నాయి దించాను. పీక తీసి తుడిస్తే తెల్లగుడ్డ ఎర్రగా అయింది. అది నాకు కొత్తేం కాదు. ప్రతి మేళానికీ గుడ్డ ఎర్రబడుతుంది, కిళ్ళీ మరకలని నా భార్య రత్నం తిట్టుకుంటూ ఉతుకుతుంది. గుడ్డ మడిచి జేబులో పెట్టుకోబోతూ ఆగిపోయాను. పొద్దున్నుంచి నేను కిళ్ళీ వెయ్యలేదు.

చిన్నాన్న పక్కనే డోలు తాళ్ళు సడలిస్తున్నాడు. ఆయనకి గుడ్డ చూపించాను.

"కిల్లీ రసంరా," అన్నాడు చూడకుండానే.

"ఇయాల ఎయ్యనేదు సిన్నాన్నా. ఉపాసం గదా."

అప్పుడు గుడ్డ తీసుకుని వెలుగులో పెట్టి చూశాడు. మడిచి తిరిగి ఇచ్చాడు. "ఒంట్లో ఏడి సేసుంటాది. కొబ్బరి నీల్లు తాగు," అని డోలు సర్దుకోవడంలో పడ్డాడు.

ఎన్నాళ్ళ నుంచి అది నెత్తురో నాకు తెలీదు. కిళ్ళీ తినేవాడి నోట్లో నెత్తురు ఎవరికి కనబడుతుంది? ఉమ్మి ఎరుపు, నాలిక ఎరుపు, గుడ్డ ఎరుపు. నేను అందరికీ చెప్పాలనుకున్న మొదటి సంగతి ఇదే. కిళ్ళీ అలవాటున్నవాళ్ళు ఒక్కపూట మానేసి, నోరు పుక్కిలించి, ఆ నీళ్ళ రంగు చూసుకోండి. భయం వేస్తే వెయ్యనివ్వండి. నాకు వేసింది.

అయితే భయపడ్డవాడు ఏం చెయ్యాలో అది నేను చెయ్యలేదు. బ్రష్ తగిలితే నెత్తురు వస్తోందని బ్రష్ మానేశాను. వేలితో ఉప్పూ పసుపూ రాశాను. లవంగం నూనె రాశాను. కొబ్బరి నీళ్ళు తాగాను. చిగుళ్ళు వంకాయ రంగుకి వచ్చాయి. నేను మాట్లాడుతుంటే రత్నం మొహం కొంచెం పక్కకి తిప్పడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి నా ఊపిరికి తల తిప్పుకోవడం చూస్తే, నొప్పి కంటే అదే ఎక్కువ బాధ పెట్టింది.

నీళ్ళ పండగ వెళ్ళాక

తింజాన్ నీళ్ళ పండగకి ఊరంతా తడిసి ముద్దయింది. నేను మాత్రం చెంపకి వేడి గుడ్డ పెట్టుకుని ఇంట్లో కూర్చున్నాను. కింది ముందుపళ్ళలో ఒకటి నాలికతో తోస్తే కదిలింది. మొదటిసారి తోసినప్పుడు నా పొరపాటు అనుకున్నాను. రెండోసారి తోశాక నాలికని దాని దగ్గరికి పోనివ్వకుండా ఆపుకోవడమే పెద్ద పనైపోయింది.

మా అమ్మాయి జ్యోతి పబేడాన్‌లో ఒక ఫోన్ల కొట్టులో పని చేస్తుంది. తెలుగు బాగా అర్థమవుతుంది, మాట్లాడేటప్పుడు మాత్రం సగం బర్మా, పావు ఇంగ్లీషు. కోపం వస్తే నన్ను నాన్నా అనదు, బర్మా వాళ్ళలా "అఫే" అంటుంది. పండగ వెళ్ళాక ఒకరోజు పొద్దున్నే నా ఎదురుగా నిలబడి అంది.

"అఫే, మా షాపు మేడ మీద క్లినిక్ ఉంది. అపాయింట్‌మెంట్ తీసీసుకున్నాను. స్కేలింగ్ చేస్తారు. గార మొత్తం క్లీన్."

"గార తీయిస్తే పల్లు ఊడిపోతాయే. మీ తాతకి ఏటైందో నీకు తెల్దా?"

"తీయించకుండానే ఊడుతోంది కదా," అంది.

నా నాలిక మళ్ళీ ఆ పన్ను దగ్గరికే పోయింది. రత్నం వంటింట్లోంచి తొంగిచూసి, "ఎల్లొచ్చీయండి. మీరు ఎల్లకపోతే నాను ఎల్లి ఆ డాకటరమ్మని ఇంటికి ఎంటబెట్టుకొచ్చీగలను," అంది. ఆమె అన్నంత పనీ చేస్తుంది. లుంగీ మార్చుకున్నాను.

క్లినిక్ మెట్లు ఇరుకు, నిటారు. పైన ఒక చిన్న గది, గోడకి ఆనించి ప్లాస్టిక్ కుర్చీలు, లోపలి గదిలోంచి సన్నటి యంత్రం కూత. సన్నాయి పట్టేవాడికి ఆ కూత వినడం ఒక శిక్ష. శ్రుతి లేదు, పైగా ఆగదు. కూర్చున్నవాళ్ళందరూ ఎవరి చెంప వాళ్ళు పట్టుకుని నేల చూస్తున్నారు. "ఊ మ్యో విన్, ఊ మ్యో విన్" అని ఎవరినో పిలుస్తుంటే, ఈ పెద్దమనిషి ఎవరో పలకడేం అని నేనూ చుట్టూ చూశాను. జ్యోతి మోచేత్తో పొడిచింది. కాగితాల్లో నా బర్మా పేరు అదే. భయానికి సొంత పేరు కూడా మర్చిపోయాను.

డాక్టరమ్మ పేరు డా తాందా. ఇక్కడ పేరు ముందు మర్యాదకి మగవాళ్ళకైతే ఊ, ఆడవాళ్ళకైతే డా తగిలిస్తారు. జ్యోతికంటే కొంచెం పెద్దదేమో. ఇక్కడ డాక్టర్నీ టీచర్నీ సయామ అంటారు, నేనూ అలాగే పిలిచాను. ఆమె నా నోట్లోకి చాలాసేపు చూసింది, తిట్టలేదు. కిళ్ళీ తినేవాళ్ళని డాక్టర్లు ముందు తిడతారని నేను కాచుకుని ఉన్నాను. "మీరేం పని చేస్తారు?" అని అడిగింది. చెప్పాను. ఆమె అద్దం కింద పెట్టి, "అయితే మనం జాగ్రత్తగా చేద్దాం. ముందు కింది పళ్ళు, కొన్నాళ్ళాగి పైవి," అంది. మనం అన్నందుకు నాకు ధైర్యం వచ్చింది. తరవాత జ్యోతిని పక్కకి పిలిచి బర్మాలో గబగబా ఏదో చెప్పింది. నాకు వినబడలేదు. నేను ఆ కుర్చీ చేతుల్ని పట్టుకునే పనిలో ఉన్నాను.

వానలు మొదలైనప్పుడు

మొదటి విడత నాడు వాన పడుతోంది. కుర్చీలో వెనక్కి వాల్చి, కళ్ళలో దీపం వేసి, మొదలుపెట్టారు. నొప్పి నేననుకున్నంత లేదు. మధ్యమధ్య జివ్వుమని నరం లాగింది గానీ ఓర్చుకోలేనంత కాదు. ఓర్చుకోలేనిది చప్పుడు. నల్లటి పెచ్చులు ఊడి పళ్ళెంలో టిక్కుమని పడుతున్నాయి. ఒక్కో పెచ్చు పడినప్పుడల్లా పన్నే పడిందనుకున్నాను. గార ఉంటేనే పన్ను నిలుస్తుందని చిన్నప్పట్నుంచి విన్నవాడికి ఆ చప్పుడు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

సగంలో కరెంటు పోయింది. అది రోజూ పోయేదే, ఎవరూ నోరు కూడా మెదపలేదు. జనరేటర్ ఆ రోజే మొరాయించింది. యంత్రం ఆగింది, ఫ్యాను ఆగింది, గది ఉక్కబోసింది. సయామ కిటికీ దగ్గరకి నా కుర్చీ తిప్పించి, చేతి పరికరంతో మెల్లగా గీయడం మొదలుపెట్టింది. బయట తన వంతు కోసం కూర్చున్న ఒక బర్మా మామ్మ, ఎవరూ అడక్కుండానే లోపలికి వచ్చి, తన విసనకర్రతో నాకు విసురుతూ నిలబడింది. చేతికి నొప్పి వేస్తే చెయ్యి మార్చింది. నోరు తెరుచుకుని ఉన్నవాడిని, థాంక్స్ కూడా చెప్పలేకపోయాను. నా కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఆమె నొప్పికనుకుని ఇంకా గట్టిగా విసిరింది.

ఇంటికి వెళ్ళాక నాలికతో తడుముకున్నాను. పళ్ళ వెనక గోడలా ఉండేది లేదు. ఒక్కో పన్నూ విడివిడిగా తగిలింది, మధ్యలో సందులు. నీళ్ళు తాగితే జిల్లుమంది. ఊపిరి వదిలితే సందుల్లోంచి గాలి చల్లగా పోయింది. కొన్నాళ్ళు ఊదొద్దని సయామ చెప్పినా, మర్నాడు రత్నం బజారుకి వెళ్ళినప్పుడు సన్నాయి తీసి పెదవికి పెట్టాను. ఫుస్సుమంది. ఇంకోసారి ఊదాను. మళ్ళీ ఫుస్సే. రత్నం వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. పీక నా చేతిలోంచి తీసుకుని వెళ్ళి ఎక్కడో దాచేసింది. ఎక్కడని అడిగే ధైర్యం నాకు లేదు.

వాసో నెల (మన ఆషాఢం), జోరువాన

పన్ను ఊడింది. జంతిక కొరికితే కాదు, చెరుకు కొరికితే కాదు. ఇడ్లీ తింటుంటే ఊడింది. ఇడ్లీ! నోట్లో గట్టిగా ఏదో తగిలితే రాయనుకుని తీశాను. అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. నాన్న కూడా ఇలాగే కూర్చుని ఉంటాడని అనిపించింది.

ఆదివారం చిన్నాన్న దలా నుంచి వచ్చాడు. పన్ను లేని నా నోరు చూసి గొడుగు కూడా మడవకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"సెప్పినాను గదరా! మీ అయ్యకి అయినట్టే అయిపోనాదా? నా మాట ఇననేదు నువ్వు. ఆ గుంట మాట ఇన్నావు!"

"సిన్నాన్నా, కూకో ముందు."

"నానెందుకు కూకుంతాను? మిగతావీ పోతాయి. ఇంక సన్నాయేటి, మేలమేటి? నాను డోలు ఎవుడికి కట్టాల?"

అది తిట్టు కాదు, ఏడుపని నాకు తెలుసు. అయినా ఆ మాటలు గుచ్చుకున్నాయి. రత్నం టీ తెచ్చేలోపే వానలో వెళ్ళిపోయాడు. తరవాత కబురు లేదు, ఫోను ఎత్తలేదు.

సాయంత్రం జ్యోతి వచ్చింది. సంగతి విని కుర్చీలో కూలబడి, "సయామ ముందే చెప్పింది నాన్నా. ఆ ఒక్క పన్ను నిలవదేమో అని. కుర్చీలో నీకూ చెప్పానంది, నువ్వు వినలేదంట. మళ్ళీ నన్ను చెప్పమంది. నేను చెప్పలేదు," అంది.

"ఎందుకు సెప్పనేదు?"

"చెప్తే నువ్వు రావు."

నాకు పట్టరాని కోపం వచ్చింది. నా నోటి సంగతి నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట అని అరిచాను. అది ఏడుస్తూ, "ఒకటి పోతుందని చెప్తే నువ్వు భయపడి అన్నీ పోగొట్టుకుంటావు, అఫే. తాతకి అయినట్టు," అంది. రెండు రోజులు దానితో మాట్లాడలేదు. అన్నం పెట్టేటప్పుడు రత్నం గిన్నెలు ఎత్తెత్తి పెట్టింది. మా ఇంట్లో అంత చప్పుడు మేళం రోజున కూడా ఉండదు.

మూడో రోజు నేనే మెట్లెక్కి సయామ దగ్గరికి వెళ్ళాను. నిజం చెప్పమని అడగడానికే వెళ్ళాను. మిగతావీ పోతాయంటే పైవి ముట్టుకోనివ్వకూడదని కూడా మనసులో అనుకున్నాను. ఆమె నేను పట్టుకెళ్ళిన పన్ను తీసుకుని, తిప్పి, వేరు చూపించింది. వేరు చివరిదాకా నల్లటి గార పట్టి ఉంది.

"ఇది పన్నుని పట్టుకుని లేదు, ఊ మ్యో విన్," అంది. "చిగురుని తోసుకుంటూ లోపలికి పోయింది. అక్కడ ఎముక కరిగిపోయింది, ఆ ఖాళీలో ఇది కూర్చుంది. మీ పన్ను ఎప్పుడో వదులైపోయింది. గట్టిగా ఉందని మీరనుకున్నారంతే."

"మరి మిగతావి?"

"వాటికి ఇంకా ఎముక ఉంది. శుభ్రంగా ఉంచుకుంటే చిగురు మళ్ళీ బిగుస్తుంది. ఒట్టు వేసి చెప్పలేను. కానీ నిలబడతాయని నాకు నమ్మకం."

నాన్న పళ్ళు గోకినందుకు ఊడలేదు. గోకించుకోవడానికి చాలా ఆలస్యంగా వెళ్ళినందుకు ఊడాయి. ఇన్నేళ్ళూ మా ఇంట్లో ఈ సంగతి తలకిందులుగా చెప్పుకున్నాం. ఆ కుర్చీలో కూర్చుని నాకు నాన్న మీద జాలి ముంచుకొచ్చింది. ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆయన ఇంకొన్నేళ్ళు వాయించేవాడు. సయామ నా చేతిలో దూది పెట్టింది, దాంతోనే కళ్ళు తుడుచుకున్నాను. "పైవి ఇవాళ చేస్తారా?" అని అడిగాను.

ఈసారి పెచ్చులు పళ్ళెంలో పడుతుంటే నాకు భయం వెయ్యలేదు. ఇంకా ఉన్నాయా, తియ్యండి అనిపించింది. కరెంటు కూడా చివరిదాకా ఉంది. కిందికి దిగి ఫోన్ల కొట్టు ముందు నిలబడ్డాను. జ్యోతి కస్టమర్‌తో మాట్లాడుతూ నన్ను చూసింది. బుగ్గ వాచి, మూతి వంకరపోయి ఉన్నాను. నేను పై పెదవి ఎత్తి పళ్ళు చూపించాను. అది నవ్వి, ఏడ్చి, కస్టమర్‌కి వేరే ఫోను కవర్ ఇచ్చేసింది.

వానలు తగ్గుముఖం

తరవాతి రోజులు పెద్దగా చెప్పుకోవడానికి లేవు. అవే కష్టమైన రోజులు. కిళ్ళీ మానెయ్యడం పన్ను ఊడినదానికంటే కష్టం. రత్నం నా చొక్కా జేబులో సోంపు పొట్లం పెట్టి పంపేది. ఒకరోజు ఆగలేక మా వీధి మలుపులో కున్యా అమ్మే డా చో దగ్గరికి వెళ్ళాను. ఆమె నాకు ఎన్నో ఏళ్ళుగా కిళ్ళీ కట్టి ఇస్తోంది. నన్ను చూసి ఆకుల మీద తడిగుడ్డ కప్పేసి, "నీకు అమ్మను. మీ ఆవిడ వచ్చి చెప్పింది. నువ్వు సన్నాయి ఊదకపోతే మా మనవరాలి చెవులు కుట్టే పండగకి ఎవరు ఊదుతారు?" అంది. తన వ్యాపారం తానే వద్దనుకున్న మనిషిని నేను ఆవిడనే చూశాను. అక్కడే నిలబడి సోంపు నమిలాను.

మెత్తటి బ్రష్‌తో, నెత్తురు వచ్చినా ఆపకుండా, సయామ చూపించినట్టు తోముకున్నాను. మొదట ఎరుపు, తరవాత గులాబీ రంగు, ఒక పొద్దున ఉమ్మిన నీళ్ళు తెల్లగా ఉన్నాయి. రత్నాన్ని పిలిచి చూపించాను. ఉమ్మిన నీళ్ళు చూపించడానికి పెళ్ళాన్ని పిలిచే మొగుణ్ణి నేనేనేమో. ఆమె చూసింది. ఆ తరవాత నాకు దగ్గరగా నిలబడి మాట్లాడింది, మొహం తిప్పలేదు.

చిగుళ్ళు బిగిశాక సయామ ఊదొచ్చంది. రత్నం పీక తెచ్చి ఇచ్చింది. ఊడిన పన్ను చోటులోంచి గాలి పోతోంది. పీకని మధ్యలో కాకుండా కొంచెం ఎడమకి పెట్టి, అక్కడి పళ్ళ దన్నుతో ఊదడం నేర్చుకున్నాను. మొదట్లో ఈలలా వచ్చింది. కింది స్వరాలు త్వరగానే దారికొచ్చాయి. పైవి ఒకరోజు వచ్చేవి, ఒకరోజు వచ్చేవి కావు.

మీలో ఎవరికైనా చిగుళ్ళలోంచి నెత్తురు వస్తుంటే, పన్ను ఇంకా కదలకముందే వెళ్ళండి. శుభ్రం చేశాక జిల్లుమంటుంది, సందులు కనబడతాయి, పళ్ళు వదులైనట్టు అనిపిస్తుంది. అది కొన్నాళ్ళే. ఆ కొన్నాళ్ళు మీ ఇంట్లో ఎవరో ఒకరు "సెప్పినాను గదా" అంటారు. అన్నవాళ్ళ మీద కోపం పెట్టుకోకండి, వాళ్ళదీ భయమే.

దసరా

దసరాకి అమ్మవారి ఊరేగింపు. డోలు లేకుండా సన్నాయి ఒక్కటే ఎలా? నేను ఫెర్రీ ఎక్కి దలా వెళ్ళాను. చిన్నాన్న ఇంటి ముందు డోలు తోలు బిగిస్తున్నాడు. నన్ను చూసి మళ్ళీ తాడు పనిలో పడ్డాడు. పక్కన కూర్చున్నాను.

"నోరు తెరు," అన్నాడు తాడు ముడేసి.

తెరిచాను. డోలు బిగువు చూసే చూపుడువేలితోనే నా పళ్ళని ఒక్కొక్కటీ తోసి చూశాడు. కింది వరస అయ్యాక పై వరస. మళ్ళీ కింది వరస. వేలు లుంగీకి తుడుచుకున్నాడు.

"కదల్ట్నేదు," అన్నాడు. కొంచెం నిరాశపడ్డట్టు కూడా ఉంది.

"గార ఒక్క ముక్క నేదు సిన్నాన్నా. అయినా కదల్ట్నేదు."

ఆయన మళ్ళీ తాడు అందుకున్నాడు. "వత్తాను లే. పండగ అమ్మోరిది, నీది కాదు," అన్నాడు.

అమ్మవారిని పల్లకీలో వీధిలోకి తెచ్చారు. రత్నం, జ్యోతి హారతి పళ్ళేలతో ముందు నడుస్తున్నారు. కింది స్వరాలతో మొదలుపెట్టాను, బాగానే వచ్చింది. మలుపు తిరిగాక పై స్వరం ఎత్తుకోవాలి. ఎత్తుకున్నాను. గాలి జారిపోయింది. స్వరం విరిగి ఫుస్సుమంది. అందరూ తిరిగి చూశారు. రత్నం చేతిలో పళ్ళెం ఆగింది.

మా చిన్నాన్న ఎవరికోసమూ ఆగే మనిషి కాదు. నాన్నకి వాయిస్తుండగా దగ్గు వచ్చినా డోలు ముందుకే వెళ్ళిపోయేది, నాన్న పరిగెత్తి అందుకోవాల్సిందే. నేను నేర్చుకునే రోజుల్లో ఆ డోలు వెనక పడి ఎన్నిసార్లు ఏడ్చానో లెక్కలేదు. ఇక అయిపోయింది అనుకున్నాను.

డోలు ముందుకి వెళ్ళలేదు. ఒకటే దెబ్బ, చిన్నగా, ఉన్నచోటనే. మళ్ళీ అదే దెబ్బ. ఆయన నావైపు చూడలేదు, పల్లకీ వైపు చూస్తున్నాడు. మోసేవాళ్ళు కూడా ఆ దెబ్బకి అక్కడే అడుగులేస్తూ నిలబడ్డారు. నేను పీకని ఎడమకి జరుపుకుని, పెదవి సర్దుకుని, గుండెల నిండా ఊపిరి తీసుకున్నాను. పై స్వరం ఎత్తుకున్నాను. నిలిచింది. అప్పుడు గానీ చిన్నాన్న అడుగు ముందుకి వెయ్యలేదు.